బతకలేక బడిపంతులా?

"బతకలేక బడిపంతులు" అన్న సామెత మన తెలుగునాట పుట్టి ఎన్నాళ్లయిందో గాని, దానికింకా ముసలితనం రాలేదు. పెళ్లిపందిళ్లలో, రైలు పెట్టెల్లో, రచ్చబండల దగ్గర, చివరికి మన హాస్టలు మెస్సులో కూడా అది నిక్షేపంగా బతికే వుంది. బడిపంతులికి బతుకు లేకపోవచ్చు గాని, ఆయన మీది సామెతకు మాత్రం ఆయుష్షు గట్టిది. ఇంగ్లీషువాళ్లూ తక్కువ తినలేదు. చేతకానివాళ్లే పాఠాలు చెప్పుకుంటారన్న అర్థం వచ్చే మాటని బెర్నార్డ్ షా 1903లో అచ్చయిన "మేన్ అండ్ సూపర్‌మేన్" నాటకానికి చేర్చిన సూక్తుల్లో పెట్టాడు. అంతటివాడు అన్నాడు కదా అని అక్కడివాళ్లు యీనాటికీ దాన్ని వాడుకుంటూనే వున్నారు.

సోదర విద్యార్థులూ, గౌరవనీయులైన అధ్యాపకులూ, ఈ కాలేజీలో చదివి వెళ్లిన పెద్దలూ ఒక్కసారి చదివి ఆలోచిస్తారని యీ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు ఫైనలియరు. ఈ యేడు ఎడ్‌సెట్ రాసి బి.ఎడ్.లో చేరదామనుకుంటున్నానని ఇంట్లో చెబితే మా మావయ్య అన్న మొదటి మాట ఆ సామెతే. రెండో మాట, "ఇంత చదివీ చివరికి దానికట్రా?" అని. ఆ "చివరికి" అన్న మాట నన్ను పట్టుకుని వదల్లేదు. అంటే అన్ని తలుపులూ తట్టి, ఏదీ తెరుచుకోకపోతే ఆఖరున తలదాచుకునే సత్రం లాంటిదన్నమాట మేష్టరుగిరీ! మావయ్యతో వాదించలేను. పెద్దవాడు, నా మంచి కోరేవాడు. కాని అచ్చులో వాదించడానికి అడ్డేమిటి?

వాదనకి నేను ఒక మనిషి జీవితాన్ని తీసుకుంటున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, నా సబ్జెక్టు వాడూ కాదు. లియాన్ ఫ్లైషర్ అని అమెరికాలో పియానో విద్వాంసుడు. మనవాళ్లలో ఎవరూ దొరకలేదా అంటారేమో. దొరక్కేం, కావలసినంత మంది. అయితే మనవాళ్లని గురించి రాస్తే అది పొగడ్తయినా అవుతుంది, తగువైనా అవుతుంది. దూరాన వున్నవాడి బతుకుని తీరిగ్గా అటూ ఇటూ తిప్పి చూడొచ్చు. పైగా, "బతకలేక" అన్న మాట నిజమో అబద్ధమో తేల్చుకోవడానికి ఆయన జీవితం పనిగట్టుకుని చేసిన ప్రయోగంలా వుంటుంది.

పియానో మనకి సినిమాల్లో తప్ప ఎక్కువగా కనపడని వాద్యం. నల్లవీ తెల్లవీ కలిపి 88 మెట్లు. మెట్టు నొక్కితే లోపల ఒక సుత్తి లేచి తీగను కొడుతుంది. హార్మోనియంలాగ గాలితో పలికేది కాదు. వీణలోలాగ తీగను లాగి గమకం పలికించడానికి వీల్లేదు. ఒకసారి కొట్టాక ఆ స్వరం తగ్గిపోవడమేగాని పెరగడమంటూ వుండదు. ఫిజిక్సు కళ్లతో చూస్తే వాయించేవాడి వశంలో వున్నవి ప్రధానంగా మూడే: సుత్తి ఎంత వేగంతో తాకాలి, ఎప్పుడు తాకాలి, ఆ ధ్వనిని ఎప్పుడు ఆపాలి. ఈ మూడింటితోనే ఒకడు గోడమీద మేకులు కొట్టినట్టు వాయిస్తాడు, ఇంకొకడు మనిషి గొంతు విప్పి పాడినట్టు వాయిస్తాడు. సాధారణంగా పాట కుడిచేతిలో నడుస్తుంది, ఎడమచెయ్యి కింది స్వరాలతో ఆసరా ఇస్తుంది. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఫ్లైషర్ 1928 జులై 23న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తలిదండ్రులు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రికి టోపీల దుకాణం. తల్లికి కొడుకు విషయంలో రెండే కోరికలట: అమెరికాకు మొట్టమొదటి యూదు ప్రెసిడెంటయినా కావాలి, గొప్ప పియానో విద్వాంసుడయినా కావాలి. డాక్టరో ఇంజనీరో అనే మన ఇళ్ల మాట మీకు గుర్తొస్తే అది నా తప్పు కాదు. నిజానికి పియానో మేష్టర్ని పెట్టింది అన్నగారికి. అన్న పాఠం ముగించుకుని వీధిలోకి ఆటలకి పరిగెత్తితే, తమ్ముడు ఆ పాఠమంతా విని తాను కూర్చుని వాయించేవాడు. నాలుగేళ్లకి పాఠాలు మొదలు, ఎనిమిదేళ్లకి కచేరీ.

అప్పట్లో ఆర్టర్ ష్నాబెల్ అనే మహా విద్వాంసుడుండేవాడు. బీథోవెన్ పియానో సొనాటాలు 32నీ మొట్టమొదట పూర్తిగా రికార్డు చేసింది ఆయనే, 1932 నుంచి 1935 దాకా. పదహారేళ్లు నిండని పిల్లలకి పాఠం చెప్పడన్నది ఆయన నియమం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సంగీత దర్శకుడి ఇంటికి ష్నాబెల్ భోజనానికొచ్చినప్పుడు, ఆ ఇంటివాళ్లు కుర్రవాణ్ణి దొడ్డిదారిన లోపలికి తెచ్చి పియానో ముందు కూర్చోబెట్టారు. భోజనం ముగించుకుని ఇవతలికొచ్చిన పెద్దాయన వినక తప్పలేదు, విన్నాక కాదనలేకపోయాడు. 1938లో, ఇంకా పదేళ్లు నిండకుండానే, ఆ పిల్లవాడు ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున వున్న గురువుగారి దగ్గరికి చదువుకి వెళ్లాడు. గురువు పెట్టిన షరతు ఒకటే: చదువుకునే కాలంలో కచేరీలు కూడదు. నాలుగు పాటలు రాగానే పిల్లల్ని వేదికలెక్కించి మార్కులేయించే యీ రోజుల్లో ఆ షరతు మనకి వింతగానే తోస్తుంది.

ష్నాబెల్ దగ్గర ఒకరి పాఠం జరుగుతుంటే మిగిలిన శిష్యులంతా కూర్చుని వినేవారు. అంటే తన వంతు ఒక్క పాఠం గాక, పక్కవాడి తప్పులూ, పక్కవాడికి చెప్పిన మర్మాలూ కూడా వీడి ఖాతాలో పడేవి. ష్నాబెల్ గురువు లెషెటిట్స్కీ. ఆయన గురువు చెర్నీ. చెర్నీ గురువు సాక్షాత్తు బీథోవెన్. ఇలా వరసపెట్టి చెబితే వంశవృక్షం చదివినట్టుంటుంది గాని, ఇది రక్తసంబంధం కాదు, పాఠాల సంబంధం. 1827లో పోయిన మనిషి చేతి వాటం 1938లో ఒక పిల్లవాడి చేతికి అందిందంటే అందుకు మధ్యనున్న ముగ్గురు మేష్టర్లే కారణం. చెర్నీగాని, లెషెటిట్స్కీగాని వేదిక మీద కన్నా పాఠంలోనే ఎక్కువ బతికారు. వాళ్లు "బతకలేక" పంతుళ్లయ్యారని ఎవడైనా అంటే అనుకోనివ్వండి, నష్టం లేదు. వాళ్లు లేకపోతే ఆ గొలుసే లేదు.

ఇక ఫ్లైషర్ సంగతి. పదహారేళ్లకి, 1944లో, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ వారితో బ్రామ్స్ మొదటి కన్చెర్టో వాయించాడు. 1952లో బ్రస్సెల్సులో క్వీన్ ఎలిజబెత్ పోటీలో ప్రథముడిగా వచ్చాడు. యూరప్‌లో జరిగే అంత పెద్ద పోటీలో ఒక అమెరికన్ గెలవడం అదే మొదలు. జార్జ్ సెల్ నిర్వహణలో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో కలిసి బీథోవెన్ కన్చెర్టోలు అయిదూ, బ్రామ్స్‌వి రెండూ రికార్డు చేశాడు. ఇప్పటికీ వాటిని ప్రమాణంగా చెబుతారు. సంగీతం రాని నేను కూడా సెల్‌ఫోనులో అవి విని, మరోసారి మొదటినుంచీ పెట్టుకున్నాను.

ఇప్పుడు నా వాదనలో మొదటి పాయింటు. ఫ్లైషర్ బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత కళాశాలలో అధ్యాపకుడుగా చేరింది 1959లో. చెయ్యి దెబ్బతిన్నాక కాదు. దానికి అయిదేళ్ల ముందు! కచేరీలు, రికార్డులు, పేరు, అన్నీ నిండుగా పొంగుతున్న రోజుల్లో, ముప్ఫయ్యొక్క యేళ్ల వయసులో, పాఠం చెప్పడానికి వెళ్లాడు. ఆయన జీవితం మీద ఇప్పుడొచ్చే వ్యాసాలు కొన్ని "పాపం చెయ్యి పోయింది, అందుకని పాఠాలు చెప్పుకున్నాడు" అన్న ధోరణిలో నడుస్తాయి. తేదీలు చూస్తే అది నిలవదు. మన సామెత మన బుర్రల్లోనే కాదు, ఖండాంతరాల్లో కూడా ఎంత గట్టిగా పాతుకుందో చూడండి. తేదీ కళ్లెదుట వున్నా కథని తనకి తగ్గట్టు తిప్పుకుంటుంది.

చెయ్యి సంగతి 1964లో మొదలైంది. కుడిచేతి నాలుగో వేలు, చిటికెన వేలు చెప్పినమాట వినడం మానేశాయి. మెట్టు మీద చాపుదామంటే అరచేతిలోకి ముడుచుకుపోతున్నాయి. ఆయన ఏం చేశాడు? మనలో ఎవరైనా ఏం చేస్తారో అదే చేశాడు. ఇంకా గట్టిగా సాధన చేశాడు. సాధనతో ఏదైనా సాధ్యమని చిన్నప్పటినుంచీ వల్లెవేసిన వాళ్లం కదా మనం కూడా. గంటలు పెరిగినకొద్దీ వేళ్లు మరింత ముడుచుకున్నాయి. 1965లో క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో సోవియట్ యూనియన్ పర్యటనకి వెళ్లవలసి వుండగా, ఆ చేత్తో లాభం లేదని సెల్ వద్దన్నాడు. అప్పటికి ఆయనకింకా ముప్ఫయ్యేడు నిండలేదు.

ఆ తర్వాత రెండేళ్లు నరకం. సంసారం చెదిరింది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కూడా వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. ఇంజెక్షన్లు, సూదిమందు కాని సూదుల చైనా వైద్యం, హిప్నాటిజం, మనస్తత్వ చికిత్స, ఏది ఎవరు చెబితే అది చేశాడు. జబ్బు పేరు కూడా ఎవరూ చెప్పలేని రోజులవి. ఇప్పుడు దాన్ని ఫోకల్ డిస్టోనియా అంటున్నారు. కండరంలో దోషం కాదు, దాన్ని నడిపే మెదడులో. ఒక్కొక్క వేలికి మెదడులో విడివిడిగా వుండవలసిన చోట్లు, అదే కదలిక వేలసార్లు చేసి చేసి, ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. ఒక వేలికి వేసిన ఆజ్ఞ పక్కవేలు అందుకుంటుంది. వృత్తి సంగీతకారుల్లో నూటికొకరికి యీ బాధ వుంటుందని అంచనా. ఏ సాధన వల్ల విద్య అబ్బిందో, అది మితిమీరడమే జబ్బుకు దోహదం చేసిందన్నమాట.

ఆ రెండేళ్ల తర్వాత తనకొక సంగతి తట్టిందని ఆయన అంటాడు: తన సంబంధం సంగీతంతో గాని, రెండు చేతుల పియానోతో మాత్రమే కాదని. వినడానికి చిన్న మాట. కాని మనం మన చదువు గురించి అలా అనుకోగలమా? సివిల్సు రాకపోతే చరిత్ర మీద ఇష్టం పోతుంది. మెడికల్ సీటు రాకపోతే జువాలజీ పుస్తకం పాతకాగితాల కొట్టుకి పోతుంది. మనం ప్రేమించింది విషయాన్నా, దాని చివర వేలాడే కుర్చీనా?

ఆయన ఆర్కెస్ట్రాలు నడిపాడు. 1967లో థియేటర్ చాంబర్ ప్లేయర్స్ అనే బృందాన్ని మరొకరితో కలిసి స్థాపించాడు. ఎడమచేతి ఒక్కదానికే రాసిన సంగీతాన్ని వెతికి పట్టుకున్నాడు. అలాంటిది వుంటుందా అంటే వుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే ఆస్ట్రియా పియానో విద్వాంసుడు (తత్వవేత్త లుడ్విగ్‌కి అన్నగారు) డబ్బిచ్చి పెద్ద పెద్ద స్వరకర్తల చేత ఒంటిచేతి రచనలు చేయించుకున్నాడు. రవెల్ రాసిన ఎడమచేతి కన్చెర్టో అందులోదే. 1932లో వియన్నాలో మొదటిసారి వినిపించారు. కళ్లు మూసుకుని వింటే ఒక్క చెయ్యంటే నమ్మలేం. బొటనవేలితో పాట, మిగతా వేళ్లతో ఆసరా, కాలికింద పెడల్ నొక్కి కింది స్వరాన్ని మోగుతుండగానే నిలిపి వుంచి చెయ్యి పైకి పరుగెత్తడం, ఇదీ కిటుకు. ఇదే విట్‌గెన్‌స్టైన్ 1923లో హిండెమిత్ చేత ఒకటి రాయించుకుని, నచ్చక, ఎవరికీ ఇవ్వకుండా దాచేశాడు. ఆ కాగితాలు 2002లో గాని బయటపడలేదు. 2004లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో దాన్ని లోకానికి తొలిసారి వినిపించింది ఫ్లైషరే. ఎనభయ్యేళ్లు చీకట్లో పడివున్న సంగీతం ఒక చెయ్యి చెడిన మనిషి కోసమే కాచుక్కూచున్నట్టు లేదూ?

కాని నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచేది తరగతి గదిలో జరిగిన మార్పు. చెయ్యి బాగున్నప్పుడు ఆయన పాఠం ఎలా వుండేది? శిష్యుడు తప్పు వాయిస్తే, "లే" అని పక్కకి జరిపి, తాను కూర్చుని వాయించి, "ఇలా" అనేవాడు. మన గణితం మేష్టర్లు చాక్‌పీసు లాక్కుని బోర్డు మీద లెక్క తామే చేసేసినట్టు. చూడ్డానికి బ్రహ్మాండంగా వుంటుంది, విద్యార్థికి మిగిలేది అనుకరణ. చెయ్యి పడిపోయాక ఆ వీలు లేదు. వాయించి చూపలేడు. మాటల్లో చెప్పాలి. మాటల్లో చెప్పాలంటే తన చేతికి మాత్రమే తెలిసినదాన్ని తన బుద్ధికి తెలిసేలా చేసుకోవాలి. ఎందుకు యీ స్వరం గట్టిగా, ఎందుకు అది మెల్లగా, ఈ వాక్యం ఎక్కడికి నడుస్తోంది, ఎక్కడ ఊపిరి తీస్తోంది? జవాబులు వెతుక్కోవలసి వచ్చింది. దానివల్లే తాను మెరుగైన గురువునయ్యానని ఆయనే చెప్పాడు.

ఆయన శిష్యులకి చెప్పే ముఖ్యమైన పాఠం ఒకటి చాలా ప్రసిద్ధం. వాయించేవాడు ఒకే సమయంలో ముగ్గురు మనుషులుగా వుండాలంటాడు. మొదటివాడు, మెట్టు నొక్కకముందే ఆ ధ్వనిని మనసులో వినేవాడు. రెండోవాడు నొక్కేవాడు. మూడోవాడు కాస్త దూరంగా కూర్చుని, మొదటివాడు కోరింది రెండోవాడు చేస్తున్నాడా లేదా అని విని, సర్దుకోమని చెప్పేవాడు. ఈ మాట చదివి నేను మా లాబొరేటరీని తలుచుకున్నాను. ఏం రావాలో ముందే ఊహించేవాడు, రీడింగు తీసేవాడు, రెండింటికీ తేడా ఎందుకొచ్చిందని అడిగేవాడు. మనం సాధారణంగా రెండోవాడొక్కడితోనే రికార్డు పూర్తిచేసి సంతకం పెట్టించుకుంటాం! పియానో గురించి చెప్పిన మాట ఫిజిక్సుకి పనికొచ్చిందంటే చెప్పినవాడు వట్టి పియానో మేష్టరు కాడు.

ఈ గదిలోనుంచి వచ్చినవాళ్లు ఎవరు? ఆంద్రె వాట్స్, యెఫీమ్ బ్రాన్ఫ్‌మన్, ఎలెన్ గ్రిమో, జొనాథన్ బిస్, ఇంకా ఎందరో. ఆ బిస్ 2013లో బీథోవెన్ సొనాటాల మీద ఇంటర్నెట్‌లో పాఠాలు మొదలుపెట్టాడు. లోకంలో ఏ మూలనున్న వాళ్లయినా వినొచ్చు. బీథోవెన్, చెర్నీ, లెషెటిట్స్కీ, ష్నాబెల్, ఫ్లైషర్, బిస్, ఆ తర్వాత హాస్టల్లో సెల్‌ఫోను పట్టుక్కూచున్న ఎవరైనా. ఫ్లైషర్ ఒక్కడే ఇలాంటివాడని కూడా కాదు. అదే 1928లో పుట్టిన గేరీ గ్రాఫ్‌మన్‌కీ 1979లో కుడిచెయ్యి మొరాయించింది. ఆయన 1986 నుంచి 2006 దాకా ఫిలడెల్ఫియాలో కర్టిస్ సంగీత విద్యాలయాన్ని నడిపాడు. లాంగ్ లాంగ్, యూజా వాంగ్ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే.

మిగిలిన కథ క్లుప్తంగా చెబుతాను. 1981లో చేతికి ఆపరేషను చేశారు. 1982 సెప్టెంబరులో బాల్టిమోర్‌లో కొత్త సంగీత మందిరం తెరిచిన రాత్రి ఫ్లైషర్ రెండు చేతులతో వాయించాడు. పత్రికలు అద్భుతమన్నాయి, కథకి శుభం కార్డు వేసేశాయి. కాని చెయ్యి బాగుపడలేదని ఆయనకి తెలుసు. మళ్లీ ఎడమచేతికీ, పాఠాలకీ వెళ్లిపోయాడు. 1986 నుంచి 1997 దాకా టాంగిల్‌వుడ్ సంగీత కేంద్రానికి కళాదర్శకుడుగా వున్నాడు. 1990ల్లో గాని జబ్బు పేరు తేలలేదు. బోటాక్స్ సూదులు, కండరాల మర్దనం కలిసి వేళ్లని కొంతవరకు తెరిచాయి. పూర్తిగా నయం కాలేదు, జబ్బు అలాగే వుంది, సర్దుకుని వాయించాడు. 2004లో "టూ హ్యాండ్స్" అన్న పేరుతో రెండుచేతుల రికార్డు వచ్చింది. 2007లో కెనెడీ సెంటర్ గౌరవం లభించింది. 2020 ఆగస్టు 2న తొంభై రెండేళ్ల వయసులో బాల్టిమోర్‌లో కన్నుమూశాడు. పీబాడీలో చేరి అప్పటికి 61 యేళ్లు. చివరిదాకా పాఠాలు చెబుతూనే వున్నాడు.

ఇక్కడ నాకు లోకంతో ఒక తగువుంది. ఈ జీవితం మీద రాసేవాళ్లు ఎక్కువమంది "ముప్ఫయ్యేళ్లు చెయ్యి లేక అల్లాడాడు, చివరికి చెయ్యి వచ్చింది, గెలిచాడు" అని ముగిస్తారు. అంటే మధ్యలో ముప్ఫయ్యేళ్లూ వెయిటింగ్ రూమన్నమాట! ఆ ముప్ఫయ్యేళ్లలో ఆయన చేతికిందనుంచి వెళ్లిన పిల్లలు లెక్కలోకి రారా? ఒకవేళ ఆ సూదులు పనిచెయ్యకపోయినా, రెండో చెయ్యి ఎన్నటికీ తెరుచుకోకపోయినా, ఆ బతుకు గెలుపే అని నా నమ్మకం. చెయ్యి రావడం అదృష్టం. పాఠం చెప్పడం పని. మనం అదృష్టానికి చప్పట్లు కొట్టి పనిని మర్చిపోతున్నాం.

నామీద రాగల అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది: "ఆయన ముందే పేరున్నవాడు, అందుకే పంతులైనా గౌరవం దక్కింది. ఊరూపేరూ లేని స్కూలు మేష్టరుకి ఎవరిస్తారు?" నిజమే. కాని గౌరవం దక్కకపోవడం పని తక్కువదని చెప్పే సాక్ష్యం కాదు. ఆ అన్నగారికి పాఠం చెప్పడానికి ఇంటికొచ్చిన పియానో మేష్టరు పేరు మనలో ఎవరికి తెలుసు? ఆ మనిషి రాకపోతే పక్కన కూర్చుని వినడానికి తమ్ముడికి పాఠమే లేదు.

రెండోది ఇంకా గట్టిది: "కబుర్లు బాగానే వున్నాయి, జీతం మాటేమిటి?" ఒప్పుకుంటున్నాను. అసలు ఆ సామెతలో నిజం వున్నది అక్కడే. "బతకలేక" అన్న ముక్కని మనం మేష్టరు చేతకానితనం కింద చదువుతున్నాం. దాన్ని మన చేతకానితనం కింద చదవాలి. నెలలు గడిచినా జీతం చేతికందని ప్రైవేటు స్కూలు టీచర్లు, యేళ్ల తరబడి కాంట్రాక్టు మీదే కాలం వెళ్లదీస్తున్న లెక్చరర్లు మనలో అందరికీ తెలుసు. కొందరు ఈ సావనీరు చదువుతూ కూడా వుండొచ్చు. బడిపంతుల్ని బతకనివ్వని సమాజం, అతను బతకలేక పంతులయ్యాడని నవ్వడం ఎక్కడి న్యాయం? విద్యార్థి సంఘాలు మెస్సు చార్జీల మీద, బస్సు పాసుల మీద పోరాడాయి, మంచిదే. మనకి పాఠం చెప్పేవాళ్ల ఖాళీ పోస్టుల మీద కూడా అంత గట్టిగా అడగాలని మన యూనియను వారికి నా విన్నపం.

సాధన విషయం కూడా చెప్పి ముగిస్తాను. నేను చదివిన ఇంటర్మీడియట్ హాస్టల్లో తెల్లవారుజామున అయిదింటికి లేపి రాత్రి పదకొండుకి పడుకోబెట్టేవారు. తలనొప్పి అంటే సాకు అనేవారు. ఫ్లైషర్ వేళ్లు ముడుచుకుంటున్నప్పుడు ఆయన కూడా తనతో తాను అదే మాట అన్నాడు. ముప్ఫయ్యేళ్లు దానికి వెల కట్టాడు. తర్వాత శిష్యుల్ని అతిసాధన గురించి హెచ్చరిస్తూ వచ్చాడు. శరీరం "ఇక చాలు" అన్నప్పుడు ఆగడం సోమరితనం కాదు. రేపు నా తరగతిలో కూర్చునే పిల్లలకి ఈ మాట తప్పకుండా చెబుతాను. చెవిలో వినకుండా చేత్తో మాత్రమే చేసే సాధన గంటలు పెరిగినా చదువు కాదనీ చెబుతాను.

మిత్రులారా, మీలో కొందరు ఐ.టి. కంపెనీలకి వెళ్తారు, కొందరు గ్రూప్ వన్ రాస్తారు, కొందరు విదేశాలకి వెళ్తారు. అందరూ బాగుండాలి. ఎవరైనా బడికో కాలేజీకో పాఠం చెప్పడానికి వెళ్దామనుకుంటే మాత్రం ఆ మాట గొంతు తగ్గించి చెప్పకండి. "ఏదీ రాకపోతే అదే" అని పక్కన తగిలించకండి. అదే ముందుగా కోరుకున్నదని చెప్పండి. ఎడ్‌సెట్ దరఖాస్తు నేను నింపేశాను. మీలో ఇంకెవరైనా నింపేవాళ్లుంటే హాస్టల్లో కలవండి, కలిసి చదువుకుందాం.